చలిగది హాజరు

“ఫిన్లాండ్‌లో చలి ఎట్టుంటాది పాపా?” అని నన్ను అడగని మనిషి మైపాడు రోడ్డులో ఇంకెవరైనా మిగిలి ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టి వస్తాను. కూరగాయల కొట్లో అడుగుతారు. బస్సులో అడుగుతారు. పెళ్ళిలో తాంబూలం చేతిలో పెడుతూ అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు మా పిన్ని ఇంటికి దారి చూపిస్తున్నాను. చదువు పేరుతో ఆ చలిలో నేనున్నది అయిదు నెలలు. మా పిన్ని ఉన్నది పంతొమ్మిదేళ్ళు, అదీ ఇందుకూరుపేట మండలం దాటకుండా.

పిన్ని పేరు ఆదిశేషమ్మ, మా అమ్మకు చెల్లెలు. రొయ్యల కంపెనీ కోల్డ్ స్టోరేజిలో పని. కంపెనీ పేరు చెప్పను, చెబితే పిన్ని ఉద్యోగానికి ఎసరు పెట్టినదాన్నవుతాను. ఆ కోల్డ్ స్టోరేజిని అక్కడి ఆడవాళ్ళు చలిగది అంటారు. లోపల మైనస్ పద్దెనిమిది. మే నెలలో తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే పిన్ని మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, వాటి మీద కంపెనీ కోటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని లోపల రొయ్యల పెట్టెలు పేరుస్తుంటుంది. నలభై నిమిషాలు లోపల, ఇరవై నిమిషాలు బయట. ఆమె చేతులు ఎప్పుడూ ఎంత చల్లగా ఉంటాయంటే, పిల్లలకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేయించుకోవడానికి వీధిలోవాళ్ళు పిలుచుకుపోతారు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు చెన్నై పోయి ఆ దోవనే ఉండిపోయాడు. ఆయన సంగతి ఎత్తితే “ఉండాడో, కరిగినాడో” అని ఊరుకుంటుంది.

ఇక మా నాన్న మస్తానయ్య. రొయ్యల చెరువు ఉంది, నలుగురిలో మాట చెల్లుబడి ఉంది, చలంటే మాత్రం ప్రాణభయం. డిసెంబరులో మా ఊళ్ళో చలి అంటే ఏముంటుంది, ఫ్యాను ఆపుకునేంత. దానికే ఆయన మంకీ క్యాపు మీద మఫ్లరు, మఫ్లరు మీద తువ్వాలు చుట్టుకుని చెరువు గట్టు మీద తిరుగుతాడు, రొయ్యలు జడుసుకునేట్టు. పిన్నిని ఆయన ఏనాడూ పేరుతో పిలవలేదు. ఐసుగడ్డ అంటాడు. కనపడినప్పుడల్లా ఆ ఉద్యోగం మానెయ్యమని గొడవ. “ఆ వేళ్ళు చూడు, ఎండు మెత్తళ్ళ మాదిరి అయినాయి. మా చెరువు కాడ మేత గోదాము చూసుకుంటా పడుండరాదా?” అంటాడు. “పడుండడానికి నేనేమన్నా మేత మూటనా బావా?” అంటుంది పిన్ని. ఇద్దరిలో ఒకరికి ఆకలి వేసేదాకా ఇది సాగుతుంది.

నేను ఫిషరీస్ చదువు మూడో ఏడులో ఉండగా మా కాలేజీ నుంచి ఇద్దరిని ఎక్స్ఛేంజి కింద ఫిన్లాండ్ పంపుతామన్నారు. జనవరి నుంచి మే దాకా, ఉత్తరాన ఎక్కడో. ఆ ఊరి పేరు పలకాలంటే నాలుక రెండు మలుపులు తిరగాలి. జాబితాలో నా పేరు వచ్చింది. నేనూ నాన్న కూతుర్నే కదా, వేణ్ణీళ్ళు పెట్టకపోతే వేసవిలో కూడా అలిగే రకం. అయినా వెళ్ళాలని పిచ్చి కోరిక. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాన్న ససేమిరా అన్నాడు. “మంచు బిళ్ళ చూస్తే తుమ్మే పిల్ల, ఆడికి పోయి ఏం చేస్తాది?” అప్పుడే పిన్ని క్యారియరు ఊపుకుంటూ పని నుంచి దిగింది.

“పిల్ల పోతుంది బావా,” అంది, చెప్పులు కూడా విడవకుండా.

“ఆడ మైనస్ ఇరవై అంట ఐసుగడ్డా. నీకు తెలిసింది పెట్టెల సంగతి. పిల్ల పెట్టె కాదు.”

“పెట్టెలతో పాటు నేనూ ఉండేది ఆణ్ణే. నేను తయారు చేసి పంపిస్తా.”

నాన్నకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయనకు పందెం గుర్తొస్తుంది. “సరే, పోనీ. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది నాకు ఫోన్ చేసి ఏడిస్తే ఆ రోజే టికెట్టు తీస్తా. అది వెనక్కి వస్తాది, నువ్వు ఆ ఉద్యోగం మానేస్తావు. నాకు చెయ్యనీ, వాళ్ళమ్మకు చెయ్యనీ, నీకు చెయ్యనీ, ఎవురికి చేసినా లెక్కే.”

“ఏడవకుండా అయిదు నెల్లూ ఉండి వస్తే?”

“నువ్వు చెప్పినట్టు చేస్తా.”

“నాతో కూడా చలిగదిలో ఒక గంట ఉండాల.”

నాన్న నవ్వినంత పని చేసి, భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ, “నేను విన్నా,” అంది. నా కన్నీళ్ళ మీద వాళ్ళు పందెం కాసుకుంటుంటే, నన్ను మాత్రం అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు.

ఆదివారం చలిగదికి సెలవు. సూపర్‌వైజరు చిన్నపోలయ్య పిన్ని మాటకు ఎదురు చెప్పేంత ధైర్యవంతుడు కాడు, తాళం తీసి ఇచ్చాడు. నాన్న నాకు మూడు జతల మేజోళ్ళు బిగించి పంపించాడు. పిన్ని గుమ్మం దగ్గరే రెండు జతలు ఊడబెరికింది. “బిగిస్తే రక్తం ఆడదే. చలికి బిగువు పనికిరాదు. తడి చేతి తొడుగు అసలే పనికిరాదు. ఇనుము ముట్టబాక. నిలబడబాక. కూర్చోబాక. అన్నిటికంటే ముఖ్యం, పిలిస్తే పలకాల.”

పలకడం అంటే ఏమిటో లోపలికి వెళ్ళాక తెలిసింది. ప్రతి రెండు నిమిషాలకూ పిన్ని పెట్టెల వరసల మధ్య నుంచి “సుప్రియా” అని అరుస్తుంది. నేను “ఓ” అనాలి. అనకపోతే వచ్చి వీపు మీద అరచేత్తో ఒక్కటి వేస్తుంది. వేసి, “నీ పేరు చెప్పు” అంటుంది. దీన్ని వాళ్ళు హాజరు అంటారు. లోపల ఎంతమంది ఉంటే అంతమందికీ పిన్నే పిలుస్తుంది. నలభై నిమిషాల్లో నాకు నాలుగు దెబ్బలు పడ్డాయి. పిన్ని చెయ్యి వీపు మీద పడితే చలి గుర్తుండదు, పిన్నే గుర్తుంటుంది.

బయటికొచ్చి టీ తాగుతూ మండిపడ్డాను. “ఇదేం మోటు పద్ధతి పిన్నీ, మనుషుల్ని ఇట్ట బాదడం?”

పిన్ని గ్లాసులోకి చూస్తూ చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఆమెకు ఎలిశబెతు అని స్నేహితురాలు ఉండేదట. పని చేసినంతసేపూ ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు ఎలిశబెతు తెచ్చిన చేపల పులుసులో మామిడికాయ లేదని పిన్ని ఎగతాళి చేసింది. మాటా మాటా పెరిగింది. ఆ పూట ఇద్దరికీ మాటల్లేవు. లోపల పెట్టెల వెనకాల ఎలిశబెతు గొంతు వినపడకపోతే, అలిగిందిలే అనుకుంది పిన్ని. “చూసేతలికి నేల మీద కూర్చోని ఉండాది. చేతి తొడుగులు తడిసిపోయినాయి. రెండు వేళ్ళ కొసలు పోయినాయే దానికి. చిట్టమూరులో వాళ్ళన్న కాడికి పోయింది, ఇంక రాలేదు. మామిడికాయ కోసం మాట మానేసినా నేను.” నేను గ్లాసు కింద పెట్టి, నా చేతి తొడుగులు తడిశాయేమోనని చూసుకున్నాను.

జనవరి మొదటి వారంలో అక్కడ దిగాను. మైనస్ ఇరవై ఆరు. ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకున్నాయి. అయినా చలి నన్ను ఏమీ చేయలేకపోయింది, నమ్మండి. మా హాస్టల్లో బ్రెజిల్ కుర్రాడొకడు మూడు జతల మేజోళ్ళు బూట్లలో కుక్కి, వేళ్ళు మొద్దుబారాయని లబోదిబోమంటుంటే, రెండు జతలు నేనే విప్పించాను. పిన్ని పేరు చెప్పి అక్కడ గొప్పలు పోయాను.

మరి గొడవ ఎక్కడొచ్చిందంటే బస్టాపులో. ఆ దేశంలో బస్సు కోసం నిలబడే మనుషులు ఒకరికొకరు నాలుగడుగుల దూరంలో, ఒక్క మాట లేకుండా, కదలకుండా నిలబడతారు. అది వాళ్ళ మర్యాద. నాకెవరు చెప్పారు? మూడోరోజు పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు ఒక ముసలామె నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. రెప్పల మీద మంచు. నేను గడియారం చూశాను. రెండు నిమిషాలు. కదల్లేదు. మూడు నిమిషాలు. పరుగెత్తుకెళ్ళి వీపు మీద ఒక్కటి వేసి, “నీ పేరు చెప్పు” అన్నాను, అదీ తెలుగులో.

ఆమె ఒకడుగు ముందుకు తూలింది. టోపీ కళ్ళ మీదికి జారింది. టోపీ పైకి లాక్కుని నన్ను కాసేపు చూసి, “హెల్వి,” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించి చలిగది, హాజరు, ఎలిశబెతు, అన్నీ బస్సు వచ్చేలోగా చెప్పేశాను. హెల్వి టోపీ సర్దుకుని బస్సెక్కింది. మరునాడు నేను బస్టాపుకు వెళ్ళేసరికి ఆమే నా వైపు తిరిగి, “సుప్రియా” అంది. నేను “ఓ” అన్నాను. నేను “హెల్వీ” అన్నాను. ఆమె “ఓ” అంది. పక్కనున్నవాళ్ళు ఇంకో నాలుగడుగులు దూరం జరిగారు. పేరడిగి మరీ కొట్టే దొంగను డెబ్బై నాలుగేళ్ళలో చూడలేదని తర్వాత చెప్పింది, ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఈ సంగతి చెబితే పిన్ని పట్టుబట్టింది. “పెద్దామెను కొట్టినావా? ఫోన్లో చూపించు, తప్పయిందని చెప్పాల.” అక్కడ ఎనిమిదిన్నరంటే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు, పిన్ని క్యారియరు విప్పే వేళ. బస్టాపులో వీడియో కాల్ పెట్టాను. పిన్ని దండం పెట్టింది. హెల్వి చెయ్యి ఊపింది. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. పిన్ని “హెల్వీ” అంది, ఆమె “ఓ” అంది. అంతే, నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. పిన్ని రొయ్యల ఫోటోలు పంపుతుంది, హెల్వి తను అల్లిన చేతి తొడుగుల ఫోటోలు పంపుతుంది. ఇవి చూసి వాళ్ళకేం అర్థమయ్యేదో వాళ్ళకే తెలియాలి.

నాన్న మాత్రం రోజూ ఒక ఫోటో పంపమని ప్రాణం తీసేవాడు. నాకు విసుగొచ్చింది. ఒక ఆదివారం బాగా ఎండ కాస్తే నాలుగు మఫ్లర్లు, రెండు టోపీలు మార్చి మార్చి హాస్టలు ముందు ముప్ఫై ఫోటోలు తీసి పెట్టుకున్నాను. రోజుకొకటి పంపేదాన్ని. నాన్న వాటిని టీ కొట్లో నలుగురికీ, ఇంటికొచ్చి పిన్నికీ చూపించి మురిసిపోయేవాడు.

ఆ ఆదివారం తర్వాత ఎండ కనపడలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు గానీ తెల్లవారదు, మూడింటికల్లా చీకటి. మధ్యలో ఉండేది కూడా బూడిద రంగు వెలుగే. తరగతిలో ఎవరూ పలకరించరు. వంటగదిలో ఎవరి గిన్నె వారిది. కాలేజీ, బస్సు లేని ఒక ఆదివారం సాయంత్రం అన్నం వండుకుంటూ లెక్కేస్తే, ముందురోజు నుంచి నా నోట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదని తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి రోజు ఎరగను. ఇంటికి ఫోన్ చేద్దామని తీశాను. అమ్మ గొంతు వింటే ఏడుస్తానని తెలుసు. ఏడిస్తే నేను వెనక్కి, పిన్ని మేత గోదాములోకి. ఫోన్ పక్కన పెట్టేశాను. పరీక్షలున్నాయి, మాట్లాడలేనని రాసి, ఆ రోజు ఫోటో పంపాను. మరునాడు కాలేజీకి పోలేదు. ఆ మరునాడు దుప్పట్లోంచి లేవలేదు. ఫోటోలు మాత్రం క్రమం తప్పకుండా వెళ్తున్నాయి. ఎర్ర మఫ్లరు, పచ్చ మఫ్లరు, పళ్ళు ఇకిలించిన సుప్రియ.

నాలుగోరోజు పొద్దున నా గది తలుపు మీద ఎవరో బాదారు. ఆ దేశంలో చెప్పకుండా ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. నేను పలకలేదు. మళ్ళీ బాదారు. ఎలాగో లేచి తీస్తే ఎదురుగా హెల్వి, బూట్ల నిండా మంచు, వెనకాల దారి చూపించిన బ్రెజిల్ కుర్రాడు. ఆమె ఫోన్ పైకెత్తి, అందులోని వాయిస్ మెసేజి నొక్కింది.

“సుప్రియా,” అంది పిన్ని గొంతు.

ఆ తర్వాత చలిగది మోటారు మోత ఒక్కటే వినపడింది.

“సుప్రియా.” మళ్ళీ మోత. “ఒసే సుప్రియా, పలకవేందే? నిలబడబాక. కూర్చోబాక. పలుకు.”

హెల్వి నన్ను అటు తిప్పి వీపు మీద ఒక్కటి వేసింది. డెబ్బై నాలుగేళ్ళ చెయ్యి కాదది. “సుప్రియా,” అంది తను కూడా.

“ఓ,” అన్నాను. అని, అక్కడే తలుపు పట్టుకుని భోరుమన్నాను. హెల్వి వేలు ఫోన్ మీదే ఉంది. ఆ ‘ఓ’, ఆ ఏడుపు, రెండూ రికార్డయి నేరుగా చలిగది ముందున్న టీ బల్ల దగ్గరికి వెళ్ళాయి.

నిమిషంలో జవాబు వచ్చింది. “ఏడుస్తుండావా? ఏడువు, బాగా ఏడువు. నువ్వు ఫోన్ చెయ్యలేదు. నీ ఫోను గూడా కాదు. హెల్వి ఫోను సంగతి మీ నాయన షరతులో యాడా లేదు. ఏడ్చినాక కాళ్ళు ఆడించి ఏదన్నా తిను.” కాస్త ఆగి ఇంకోటి వచ్చింది. “తొమ్మిది రోజులుగా ఫోటోల్లో నీ వెనకాల చూరుకు వేలాడే మంచుకడ్డీ కొస ఒకే తీరున విరిగి ఉండాది. ఐసు ఉన్నట్టు ఉండదే, పెరగతాది, లేదంటే తరగతాది. మీ నాయనకు తెలీదు. నాకు తెలీదనుకున్నావా?”

దొరికిపోయాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. హెల్వి వాళ్ళింట్లో వేడి సూపు తాగాను. అది మందు నీళ్ళలా ఉంది గానీ రెండు గిన్నెలు తాగాను. నేను బస్టాపులో కనపడని రోజుల్లో ఆమె మా హాస్టలు గేటు దాకా వచ్చి, తలుపు తట్టడం తప్పేమోనని వెనక్కి వెళ్ళిందట. పిన్ని పంపింది విన్నాక, భాష తెలియకపోయినా, పిలిచినా జవాబు రావడం లేదని అర్థమైందట. ఆ రోజు నుంచి పొద్దున బస్టాపులో ఒక హాజరు, సాయంత్రం ఆమె కిటికీ కింద ఒక హాజరు. మే దాకా ఒక్క పూట తప్పలేదు.

జూన్‌లో తిరిగొచ్చాను. నెల్లూరులో నలభై మూడు డిగ్రీలు. ఆదివారం పొద్దున్నే నాన్న నా ఫిన్లాండ్ కోటు అడిగి తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర గుండీ పడలేదు. “మాట మాటే,” అన్నాడు గానీ చలిగది తలుపు తీయగానే రెండడుగులు వెనక్కి వేశాడు. పిన్ని చెయ్యి పట్టి లోపలికి లాగింది. నేనూ వెంట వెళ్ళాను, ఆ వేడుక చూడకుండా ఎలా ఉంటాను?

“బావా.” “ఓ.” “సుప్రియా.” “ఓ.” ఇరవై నిమిషాలకు నాన్న పళ్ళు టకటకలాడాయి. నలభైకి పిన్నే జాలిపడి “చాల్లే, పో బావా” అంది. “గంటన్నా కదా,” అన్నాడు. అన్నాక వరసల మధ్య నిలబడి పిన్ని వైపు చూస్తుండిపోయాడు. పిన్ని అలవాటు కొద్దీ పెట్టెలు సర్దుకుంటోంది.

“ఏమే సుప్రియా, అందరినీ ఇది పిలుస్తాది. దీన్ని ఎవురు పిలుస్తారు?” అన్నాడు.

ఎలిశబెతు చిట్టమూరు వెళ్ళిపోయాక ఎవరూ లేరనుకుంటాను.

“ఆదిశేషమ్మా,” అన్నాడు నాన్న.

పిన్ని చేతులు పెట్టె మీద ఆగిపోయాయి. తిరగలేదు. పలకలేదు. నాన్న దగ్గరికి వెళ్ళి, ఒక్క క్షణం మొహమాటపడి, వీపు మీద మెల్లిగా ఒక్కటి వేశాడు. “ఓ,” అంది పిన్ని, చాలా చిన్న గొంతుతో. తర్వాత ముక్కు తుడుచుకుని, “దెబ్బ కూడా సరిగ్గా వేయడం చేతకాదు,” అని తిట్టింది.

పిన్ని ఉద్యోగం మానలేదు. నాన్న కూడా మానెయ్యమని గొడవ ఆపలేదు, అది వాళ్ళకు తిండి అరగడానికి కావాలి. కానీ రోజూ మధ్యాహ్నం పన్నెండుకు చెరువు గట్టు మీంచి ఫోన్ చేస్తాడు. “ఆదిశేషమ్మా” అంటాడు. “ఓ” అని అటునుంచి పెట్టేస్తుంది.

మొన్న శుక్రవారం పన్నెండుకు ఫోన్ ఎత్తలేదు. పన్నెండుంబావుకు చేశాడు, స్విచాఫ్. నాన్న మేత బకెట్టు అక్కడే పడేసి బండెక్కాడు. చిన్నపోలయ్య వద్దంటున్నా వినకుండా, లుంగీ బనీను మీద, మంకీ క్యాపు లేకుండా, మఫ్లరు లేకుండా, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా మైనస్ పద్దెనిమిదిలోకి దూరాడు. వరసల మధ్య పరుగెడుతూ పేరు పెట్టి అరిచాడట, బయట టీ బల్ల దాకా వినపడేట్టు.

ఫోన్ చార్జింగు అయిపోయిందని పిన్ని అంటుంది. కావాలనే ఆపేసి ఉంటుందని నా అనుమానం. చివరి వరస దగ్గర పెట్టెలు పేరుస్తున్నదల్లా వెనక్కి తిరిగి, బనీను మీద వణుకుతున్న మా నాన్నను కింది నుంచి పై దాకా చూసి, తన కోటు విప్పి ఆయన భుజాల మీద కప్పి, అప్పుడు పలికింది.

“ఓ, బావా. ఈడనే ఉండా.”